‘తను’ అన్న మాట వెనుక: మద్యం, నిద్రమాత్రలు, దాచుకున్న దుఃఖం – ఒక కేసు

మద్యం, నిద్రమాత్రల అలవాటుకు నేను చికిత్స చేసిన ఒక మహిళ కేసు ఇది. రాయడానికి ఆమె అనుమతి ఇచ్చారు. రాసినదాన్ని ముందుగా తానే చదివి, రెండు చోట్ల ‘ఇది చూస్తే నన్ను గుర్తుపడతారు’ అన్నారు. ఆ రెండూ తీసేశాను. ఊరు, వృత్తి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. మందుల మోతాదులు, స్కోర్లు, మేం తీసుకున్న నిర్ణయాల వరుస మాత్రం జరిగినవి జరిగినట్లే ఉన్నాయి. చికిత్స చివరికి కుదిరింది కాబట్టి దీన్ని రాయడం లేదు. మొదటి నాలుగు నెలలూ పాఠ్యపుస్తకం ప్రకారం ఏ తప్పూ చేయకుండానే ఆమెకు హాని చేశాం. ఆ నాలుగు నెలల కోసం రాస్తున్నాను.

నేపథ్యం, వచ్చిన సమస్య

ఆమె వయసు ముప్పైలలో ఉంటుంది. పెళ్లి కాలేదు, ఒంటరిగా ఉంటారు, బాధ్యత ఎక్కువగా ఉండే ఉద్యోగం చేస్తారు. తండ్రి లేరు, తల్లి ఉన్నారు. మా దగ్గరికి తీసుకొచ్చింది అక్క. మూడేళ్లుగా రోజూ రాత్రి మద్యం తాగుతున్నారనీ, కొన్ని నెలలుగా పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయనీ, పనిలో రెండుసార్లు హెచ్చరిక అందిందనీ అక్కే చెప్పారు. నిద్ర కోసం ఇంతకుముందు ఒక డాక్టరు రాసిన అల్ప్రజోలామ్ 0.5 మి.గ్రా. మాత్ర రాత్రిపూట వేసుకుంటున్నట్లు ఆమె చెప్పారు.

మద్యం వాడకాన్ని అంచనా వేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఆడిట్ ప్రశ్నావళిలో 40కి 24 వచ్చింది. 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే మద్యం మీద ఆధారపడే స్థితి ఉండవచ్చని భావిస్తాం. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కి 17. అందులో తొమ్మిదో ప్రశ్న, అంటే చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించిన ప్రశ్నకు, ‘కొన్ని రోజులు’ అన్న గడిలో టిక్కు పెట్టారు. విడిగా అడిగితే పథకం, ప్రయత్నం ఏవీ లేవన్నారు.

నేను విడిగా అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. మిగతా ఇంటర్వ్యూ అంతా అక్క పక్కన కూర్చుని ఉండగానే జరిగింది. మా దరఖాస్తులో వైవాహిక స్థితి అన్న గడి దగ్గర ‘అవివాహిత’ అని రాసుకుని, ‘పెళ్లి విషయంలో నిరాశ కలిగించిన సంగతులు ఏమైనా ఉన్నాయా?’ అని అడిగాను. ఆమె చిన్నగా నవ్వి ‘అలాంటివేం లేవండీ’ అన్నారు. అక్క అందుకుని, వచ్చిన సంబంధాలన్నీ ఎలా కాదంటోందో పది నిమిషాలు చెప్పారు. ఆ రోజు నా ఫైలులో ‘ఒంటరితనం, పెళ్లి కాకపోవడం ప్రేరేపక కారణాలు’ అని రాసుకున్నాను. చెల్లెలి జీవితాన్ని అక్క చెప్పగా నేను రాసుకున్నానన్న సంగతి అప్పుడు తోచలేదు.

మద్యం మొదలైనప్పుడు ఏం జరిగిందని అడిగితే ఒక్క వాక్యం చెప్పారు: ‘ఆరేళ్లు కలిసి ఉన్నాం, తను వెళ్లిపోయారు.’ ఎవరని నేను అడగలేదు. భర్త గురించో, ప్రేమించిన మగవాడి గురించో చెప్పేటప్పుడు ఆడవాళ్లు ‘వచ్చారు, వెళ్లారు’ అనడం మన చెవికి అలవాటే కనుక, మనసులో ఒక మగవాణ్ణి నిలబెట్టుకుని ముందుకు సాగిపోయాను.

మొదట ఏం చేశాం, ఎందుకు చేశాం

మద్యం ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, ఆందోళన ఆరు గంటల నుంచి ఒక రోజులోపు మొదలవుతాయి. మూర్ఛలు వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. మతిభ్రమతో కూడిన తీవ్రస్థితి సాధారణంగా రెండు మూడు రోజుల తర్వాత కనిపిస్తుంది. అందుకే ఆమెను వార్డులో చేర్చుకున్నాం. థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇచ్చి, వణుకునూ మూర్ఛలనూ అదుపు చేసే డయాజెపామ్‌ను ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టి ఎనిమిది రోజుల్లో తగ్గించి ఆపేశాం. రాత్రి వేసుకునే అల్ప్రజోలామ్‌ను ‘తర్వాత చూద్దాం’ అని అలాగే ఉంచాం. ఒకేసారి రెండూ తీసేస్తే మనిషి తట్టుకోలేదన్నది అప్పటి ఆలోచన. ఆలోచన తప్పు కాదు కానీ, ఆమె చెప్పిన అర మిల్లీగ్రామే నిజమని నమ్మడం తప్పు.

డిశ్చార్జ్ అప్పుడు డైసల్ఫిరామ్ ఎంచుకున్నాం. ఆ మాత్ర వేసుకున్నాక మద్యం తాగితే శరీరంలో ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి ముఖం ఎర్రబడడం, వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం వంటివి వస్తాయి. ఆ భయమే దాని చికిత్స. ఎవరైనా ఎదురుగా నిలబడి వేయించినప్పుడే అది బాగా పనిచేస్తుందన్నది అందరికీ తెలిసిన విషయం కాబట్టి ఆ బాధ్యత అక్కకు అప్పగించాం. ఆమె చెల్లెలి ఇంటికి మకాం మార్చారు. వ్యసనాల చికిత్సలో కుటుంబాన్ని కలుపుకుని పొమ్మనేది మాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. కుటుంబం తోడుంటే ఫలితం మెరుగ్గా ఉంటుందన్నది చాలా కేసుల్లో నేను చూసిన నిజం కూడా. కుటుంబమే ఎవరికి భయకారణమో వాళ్ల విషయంలో ఆ పాఠం ఏమవుతుందో ఎవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు.

మూడోది, వారానికి రెండుసార్లు గ్రూప్ థెరపీ. దాపరికం వదిలితే తాగుడు వదులుతుందన్నది ఆ గ్రూపులో మేం పదేపదే చెప్పే మాట.

ఎక్కడ చెడింది

ఆరు వారాలు మద్యం ముట్టలేదు. కాలేయ పరీక్షల అంకెలు దిగాయి, వణుకు పోయింది. కేసు కుదుటపడిందని టీమ్ సమావేశంలో నేనే చెప్పాను. గ్రూపులో కూడా ఆమె బాగా మాట్లాడుతున్నారని అక్కడి కౌన్సెలర్ రాశారు. ‘మిమ్మల్ని అందరికన్నా బాధపెట్టిన వ్యక్తి గురించి చెప్పండి’ అన్న రోజున, ఆరేళ్లు కలిసి బతికిన మనిషి వేరే పెళ్లి చేసుకుని వెళ్లిపోయిన కథ చెప్పి ఏడ్చారట. ఆ కథంతా ‘అతను’ అంటూ చెప్పారు. గ్రూపులో వాళ్లంతా ఓదార్చారు, ఒకరిద్దరు ఆ ‘అతన్ని’ తిట్టారు కూడా. ఆ రాత్రి ఆమె నాలుగు అల్ప్రజోలామ్ మాత్రలు వేసుకున్నారని చాలా కాలం తర్వాత తెలిసింది. నిజం చెప్పాల్సిన చోట నిజంలా వినిపించే అబద్ధం చెప్పి, దానికి వచ్చిన ఓదార్పును భరించాల్సి రావడం తన జీవితంలో అన్నిటికన్నా నీచంగా అనిపించిన సాయంత్రం అని తర్వాత చెప్పారు.

నాలుగో నెల చివర ఆమె స్నానాల గదిలో పడిపోయారు. నుదురు చిట్లింది, మాట ముద్దగా ఉంది, కానీ రక్తంలో ఆల్కహాల్ లేదు. అల్ప్రజోలామ్ రోజుకు 2 మి.గ్రా.కు చేరిందనీ, ఇద్దరు వేర్వేరు డాక్టర్ల చీటీల మీద కొంటున్నారనీ అప్పుడు బయటపడింది. మేం బాటిల్ ఖాళీ అయిందా లేదా అని లెక్కపెడుతున్నంత సేపూ, బాటిల్ చేసే పనిని మాత్రలు చేస్తున్నాయి. ఆ మందు మీద పైకి ఏదైనా తాగి ఉంటే శ్వాస మందగించి అక్కడికక్కడే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. డైసల్ఫిరామ్ ఆమెను మద్యం నుంచి కాపాడిన మాట నిజమే. అదే ఆమెను మాత్రల వైపు నెట్టిందన్నది కూడా అంతే నిజం.

రెండోసారి వార్డులో చేర్చుకున్న మర్నాడు అక్క నా గదికి వచ్చారు. మాత్రలు వెతుకుతూ చెల్లెలి ఫోన్ చూశానన్నారు. ‘ఎవరో అమ్మాయికి పంపని మెసేజ్‌లు పేజీలు పేజీలు రాసుకుంది డాక్టర్ గారూ. ఆ అమ్మాయి ఎవరు? మీకు చెప్పిందా?’ అని అడిగారు.

నిజానికి ఆ క్షణం వరకు నాకూ తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది, అబద్ధం కూడా అయ్యేది కాదు. కానీ ఈ రోజు ‘నాకు తెలియదు’ అని చెబితే, రేపు నిజంగా తెలిశాక ఇదే ప్రశ్నకు నేను మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనమే జవాబు అవుతుంది. అందుకని, ‘మీ చెల్లెలు నాతో ఏం మాట్లాడినా, మాట్లాడకపోయినా ఆమె అనుమతి లేకుండా చెప్పను. మీరు ఎవరి గురించి అడిగినా నా జవాబు ఇదే’ అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. ‘మందులకు సంతకం నాది, బిల్లు నాది, విషయం మాత్రం నాది కాదా?’ అన్నారు. అందులో న్యాయం లేదని నేననను. ఇంటికి కాపలా మేమే పెట్టి, కాపలావాళ్లు తలుపు తీసి చూశారని నొచ్చుకోవడం కుదరదు.

ఆ సాయంత్రం నా పాత నోట్స్ తీసి చదివాను. ఆఫీసులో పై అధికారిణి ‘అరిచింది’, పక్కింటావిడ ‘వచ్చింది’, అన్నకొడుకు ‘పడ్డాడు’. ఆమె మాటల్లో మనుషులందరికీ ఆడో మగో ఉంది. ఒక్క మనిషికే లేదు. ఆ మనిషి ఎప్పుడూ ‘తను’, క్రియ ఎప్పుడూ ‘వెళ్లిపోయారు, అన్నారు, ఏడ్చారు’. కోపంతో మాట్లాడిన రోజు కూడా ఆ గౌరవం సడలలేదు. మన భాషలో క్రియ చివర ఆడా మగా తేలిపోతుంది. ఆ ముడి విప్పకుండా ఆరేళ్ల కాపురం గురించి నాలుగు నెలలు మాట్లాడాలంటే ప్రతి వాక్యాన్నీ నోట్లోనే ఒకసారి సరిచూసుకుని వదలాలి. ఆ శ్రమ నా నోట్స్‌లో నా చేతిరాతలోనే ఉంది. నేను చదవలేదు.

మలుపు

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. నేరుగా అడగడం ఒకటి. కానీ ఫోన్ పట్టుబడ్డ మర్నాడు, వార్డు మంచం మీద, డాక్టరు నోటి నుంచి ఆ ప్రశ్న వస్తే అది విచారణలా ఉంటుంది. అడగకుండా ఎదురుచూడడం రెండోది. కానీ అక్కకు ఫోన్ దొరికిన సంగతి ఆమెకు తెలియకపోతే, రేపు ఇంటికి వెళ్లి ఏమీ తెలియకుండా ఆ మంటలో అడుగుపెడతారు. అందుకని మధ్యదారి తీసుకున్నాను. ఒంటరిగా కలిసి, అక్క ఏం చూశారో, నన్ను ఏం అడిగారో, నేను ఏం జవాబిచ్చానో మాట మార్చకుండా చెప్పాను. చివర, ‘ఇక్కడికి వచ్చేవాళ్లలో ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లూ, మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లూ ఉంటారు. నేను మొదటి రోజు పెళ్లి గురించి అడిగిన తీరు వాళ్లకు నోరు మెదిపే చోటు ఇవ్వదు. అది నా పొరపాటు. మీరు ఏమీ చెప్పనక్కర్లేదు’ అన్నాను. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. రెండు రోజుల తర్వాత నర్సుతో కబురు పంపారు.

అప్పుడు చెప్పిన కథ ఇది. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరం ఇంట్లో దొరికితే తల్లిదండ్రులు ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన ఏడాది పాటు మాత్రలు వాడించి, పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్నారు. ‘తగ్గిపోయింది’ అని చెప్పి ఆమె బయటపడ్డారు. డాక్టర్లకు నిజం చెబితే ఏమవుతుందో అప్పుడే నేర్చుకున్నారు. పాతికేళ్లకు తనేమిటో తనకు స్పష్టంగా తెలిసింది. తర్వాత ఒకామెతో ఆరేళ్లు కలిసి బతికారు. లోకానికి వాళ్లు ఒకే గదిలో అద్దెకుండే స్నేహితురాళ్లు. ఇంట్లో ఒత్తిడి తట్టుకోలేక ఆ స్నేహితురాలు పెళ్లికి ఒప్పుకున్నారు. ఆ పెళ్లికి ఈమె వెళ్లారు. రెండు రోజులు ఉండి, అతిథులకు దారి చూపించి, ఫొటోల్లో నవ్వి, తిరిగివచ్చిన రాత్రి మొదటిసారి ఒంటరిగా కూర్చుని తాగారు. ఆఫీసుకు జ్వరమని మూడు రోజులు సెలవు పెట్టారు.

చెబుతూ చెబుతూ ఒకచోట ఆగి, ‘మీ పుస్తకాల్లో ఇది ఇంకా జబ్బేనా?’ అని అడిగారు. కాదని ఒక్కమాటలో చెప్పడం సరిపోదనిపించింది. ఒకసారి డాక్టరు నోట జబ్బని విన్నవాళ్లకు డాక్టరు నోటే తేదీలతో సహా వినిపించాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే స్వలింగాకర్షణను తన రోగాల జాబితాలోంచి తీసేసిందనీ, 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన అంతర్జాతీయ రోగాల వర్గీకరణ ఐసీడీ-10లో కూడా అది జబ్బుగా లేదనీ చెప్పాను. అయితే అదే ఐసీడీ-10లో, తన ఆకర్షణ తనకే ఇష్టం లేనివాళ్ల కోసమని ఒక శీర్షిక మిగిలిపోయిందనీ, ఆమెకు వైద్యం చేసినాయన బహుశా ఆ సందులోంచే లోపలికి వచ్చి ఉంటారనీ, 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 ఆ సందును కూడా మూసేసిందనీ చెప్పాను. నేను చదువుకున్న రోజుల్లో ఆ శీర్షిక నా పుస్తకంలో ఉందని కూడా ఒప్పుకున్నాను. ఆమె చాలాసేపటికి, ‘అయితే ఆ ఏడాది మాత్రలు దేనికి?’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సమస్యను మళ్లీ అర్థం చేసుకోవడం

ఇలాన్ మేయర్ 2003లో ప్రచురించిన వ్యాసంలో మైనారిటీ ఒత్తిడి అన్న నమూనాను వివరించారు. దాని సారం ఇది: ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) మనుషుల్లో కుంగుబాటు, ఆందోళన, మత్తు వాడకం ఎక్కువగా కనిపించడానికి మూలం వాళ్ల ఆకర్షణలో లేదు, వివక్ష అనుభవించడం, ఎప్పుడు తిరస్కారం ఎదురవుతుందోనని ఎదురుచూడడం, దాచుకోవడం, లోకం తమ గురించి అనేదాన్ని తామే నమ్మడం, ఇవన్నీ మామూలు జీవితపు ఒత్తిళ్ల మీద అదనంగా మోయాల్సిన బరువు. చాలామంది ఈ నమూనాను ఒక ముద్దగా వాడతారు. నేనైతే దీన్ని విడదీసి వాడినప్పుడే పనికొస్తుందంటాను. ఈ కేసులో ఏ పాయ విడిగా ఎంత బరువుందో చూస్తే, నేను ఊహించినది తేలికగానూ ఊహించనిది బరువుగానూ తేలింది. ఆమె తనను తాను అసహ్యించుకోవడం లేదు. ఆ యుద్ధం పదేళ్ల కిందటే గెలిచారు. ఆమెను నలిపేస్తున్నవి దాపరికమూ, తిరస్కారం వస్తుందన్న ఎదురుచూపూ. ‘మిమ్మల్ని మీరు అంగీకరించండి’ అంటూ నాలుగు సెషన్లు నడిపి ఉంటే, నయమైన పుండుకు కట్టు కట్టినట్లయ్యేది.

దీని కింద ఇంకో పొర ఉంది. సమాజం గుర్తించని, బయటికి చెప్పుకోలేని, ఓదార్పు దొరకని శోకానికి కెన్నెత్ డోకా 1989లో వచ్చిన తన పుస్తకంతో ఒక పేరును స్థిరపరిచారు. హక్కు లేని దుఃఖం అని దాన్ని తెలుగు చేసుకోవచ్చు. ఆరేళ్ల బంధం పోతే ఎవరికైనా పలకరింపులు ఉంటాయి. ఈమెకు దక్కింది ఆ పెళ్లి ఫొటోల ఆల్బమ్.

ఏం పనిచేసింది

మొదట మందులు సరిచేశాం. త్వరగా ఎక్కి త్వరగా దిగిపోయే అల్ప్రజోలామ్ స్థానంలో నెమ్మదిగా దిగే డయాజెపామ్‌ను విడతలుగా ప్రవేశపెట్టాం. 0.5 మి.గ్రా. అల్ప్రజోలామ్ సుమారు 10 మి.గ్రా. డయాజెపామ్‌కు సమానమన్న పట్టికను ఆధారం చేసుకున్నాం. రెండు వారాలకోసారి మొదటి మోతాదులో పదోవంతు చొప్పున తగ్గిస్తూ, సగం దాటాక ఇంకా నెమ్మదించాం. పూర్తిగా ఆగడానికి పదకొండు నెలలు పట్టింది. చీటీ ఒకే డాక్టరుది, మందు వారానికి సరిపడా మాత్రమే. డైసల్ఫిరామ్ ఆపేశాం. కాలేయ పరీక్ష చూసుకుని, ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా నొప్పి) మందులేవీ వాడడం లేదని నిర్ధారించుకుని, నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. మొదలుపెట్టాం. తాగాలన్న తపననూ, తాగినప్పుడు దక్కే సుఖాన్నీ తగ్గించే మందు అది. పొరపాటున తాగినా డైసల్ఫిరామ్‌లా శిక్షించదు. మందు ఎంపికకు రసాయనశాస్త్రం ఒక కారణమైతే, అది వేసుకోవడానికి ఇంట్లో పోలీసు అక్కర్లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. అక్క తన ఇంటికి తిరిగి వెళ్లారు.

రెండోది డైరీ. ఎంత తాగారు, ఎన్ని మాత్రలు వేసుకున్నారు అన్నవాటి పక్కన ఇంకో గడి పెట్టాం: ఈ రోజు ఎవరి దగ్గర, ఏ మాట మార్చి చెప్పాల్సి వచ్చింది? మూడు వారాల్లో బొమ్మ తేలింది. బలంగా తపన పుట్టిన రోజులు ఒత్తిడి ఎక్కువైన పనిరోజులు కావు. తల్లితో ఫోన్ మాట్లాడిన సాయంత్రాలు, సహోద్యోగులు కుటుంబాల గురించి కబుర్లాడుకున్న మధ్యాహ్నాలు, ఆ స్నేహితురాలి కొత్త ఫొటో ఎక్కడో కనబడిన రాత్రులు. మద్యం ఆమెకు సరదా ఎప్పుడూ కాలేదు. పగలంతా వేషం వేసిన మనిషి రాత్రి రంగు కడుక్కునే నీళ్లు అది. ఆ నీళ్లు తీసేసి బదులేమీ ఇవ్వకుండా ఆరు వారాలు వేషం కొనసాగించమన్నాం.

మూడోది దుఃఖం. తొలి పది సెషన్లు మద్యం గురించి దాదాపు మాట్లాడలేదు. పంపని ఆ మెసేజ్‌లను ఆమె ఇష్టపడినవి మాత్రం తెచ్చి చదివారు. ఏడో సెషనో ఎనిమిదో సెషనో, ‘తను వెళ్లిపోయింది’ అన్నారు. అని, తానే ఆగి, నా ముఖం చూశారు. నేను నోట్స్ రాసుకోవడం ఆపలేదు. ఆ పూట అంతకన్నా సరైన పని తోచలేదు.

ఈ పనికి నేను ఆధారం చేసుకున్న పద్ధతి గురించి ఒక మాట. జాన్ పచాంకిస్ బృందం 2015లో పరీక్షించిన, ఎల్‌జీబీటీ మనుషుల ఒత్తిళ్లకు తగినట్టు మలచిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మాటల చికిత్స)లోని మెట్లను తీసుకున్నాను. ఆ పరీక్షలో పాల్గొన్నది యువ గే, బైసెక్సువల్ పురుషులు కనుక, ఆమె విషయంలో దాన్ని అచ్చంగా దించకుండా చాలా సర్దాల్సి వచ్చింది. తన ఆందోళన తన లోపం కాదు, తన చుట్టూ ఉన్నదానికి శరీరం నేర్చుకున్న కాపలా అని గుర్తించడం. ఆ కాపలా ఇప్పుడు ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసరం అని వేరు చేయడం. అనవసరమైన చోట చిన్న చిన్న ప్రయోగాలు చేయడం. మొదటి ప్రయోగం ఎంత చిన్నదంటే, ఆఫీసులో ‘వారాంతంలో ఏం చేశారు?’ అన్న ప్రశ్నకు అబద్ధం కాని ఒక్క వాక్యం చెప్పి ఊరుకోవడం.

అన్నీ ఇలా సాఫీగా సాగలేదు. ఒంటరితనం తగ్గుతుందని ఒక ఎల్‌జీబీటీ బృందం వివరాలు ఇచ్చాను. వాళ్ల కలయికలు జరిగేది బార్లలో అని కనుక్కోలేదు. తమలాంటి వాళ్లు నిర్భయంగా కలుసుకోవడానికి చాలాకాలం బార్లే దిక్కైన సముదాయం ఇది. మద్యం సమస్య ఉన్న మనిషిని అక్కడికి పంపే ముందు అడగడానికి ఒక్క ఫోన్ చాలు. ఆమె వెళ్లారు, మొదటిసారి నలుగురిలో దాపరికం లేకుండా నవ్వారు, తాగారు. ఆ వారం ఎంతో సంతోషంగానూ ఎంతో సిగ్గుగానూ వచ్చి కూర్చున్నారు. దాన్ని వైఫల్యమని రాయలేకపోయాను. తర్వాత ఇద్దరం వెతికి, పగటిపూట కలుసుకునే చిన్న బృందం ఒకటి పట్టుకున్నాం.

ఇంట్లో చెప్పాలా వద్దా

ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. దాపరికమే బరువైతే దించేయమనడమే వైద్యం కదా అన్న తర్కం చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. కానీ దాచడం భయంతో పుట్టిన అలవాటు మాత్రమే కాదు, కొందరి విషయంలో అది నిజమైన ప్రమాదానికి సరైన లెక్క. బయటపెట్టాక వచ్చే తిరస్కారాన్ని మోయాల్సింది ఆమె, ప్రోత్సహించిన నేను కాదు. అందుకని ఒక కాగితం మీద మనుషుల పేర్లు రాయించాను: తెలిసినవాళ్లు, అనుమానం ఉన్నవాళ్లు, తెలిస్తే ఇల్లో ఉద్యోగమో పోయే మనుషులు. ప్రతి పేరు పక్కనా, చెబితే పోయేదేమిటి, చెప్పకపోతే రోజూ ఖర్చయ్యేదేమిటి అని రాసుకున్నారు. తల్లి పేరు దగ్గర పెన్ను చాలాసేపు ఆగి, ‘ఇప్పుడు కాదు’ అని రాసింది. నేను ఒప్పుకున్నాను.

అక్కకు ఎనిమిదో నెలలో తానే చెప్పారు. చెప్పే రోజుకు ముందు ఇద్దరం ఒక భద్రతా పథకం రాసుకున్నాం: ఆ రాత్రి ఎక్కడ ఉంటారు, ఎవరికి ఫోన్ చేస్తారు, మాత్రలు ఎవరి దగ్గర ఉంటాయి. అక్క మూడు వారాలు మాట్లాడలేదు. తర్వాత వచ్చి, ‘అమ్మకు మాత్రం చెప్పకు’ అన్నారు. దాన్ని అంగీకారమనలేం, తిరస్కారమనీ అనలేం. అయితే ఆ తర్వాత తల్లి ఫోన్‌లో సంబంధాల మాట ఎత్తినప్పుడల్లా మాట మార్చే పనిని అక్కే తీసుకున్నారు. డైరీలో ఆ ఒక్క మార్పే ఎన్నో సాయంత్రాలను ఖాళీ చేసింది.

ఫలితం

రెండోసారి చేరినప్పటి నుంచి పదహారు నెలలకు పీహెచ్‌క్యూ-9 స్కోరు 6. చావు ఆలోచనల ప్రశ్నకు ‘అస్సలు లేదు’. డయాజెపామ్ లేదు, అల్ప్రజోలామ్ లేదు. మద్యం మూడుసార్లు తాగారు, మూడుసార్లూ మర్నాడే చెప్పారు. నాల్ట్రెక్సోన్ ఏడాది వాడి ఆపాం. నిద్ర ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. ప్రేమ మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదన్నారు. దాన్ని లక్షణంగా లెక్కించాలా వద్దా అని తేల్చుకోలేక ఫైలులో ఎక్కడా రాయలేదు.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరు వచ్చినా, ఎవరు తీసుకొచ్చినా, మొదటి ఇంటర్వ్యూలో సగం సమయం ఒంటరిగానే మాట్లాడతాను. అది మా పద్ధతి అని వెంట వచ్చినవాళ్లకు ముందే చెబుతాను, దానివల్ల ఎవరినో అనుమానించినట్లు ఉండదు. ‘పెళ్లయిందా?’ అనడం మానేసి, ‘మీ జీవితంలో ముఖ్యమైన మనిషి ఎవరైనా ఉన్నారా, ఉండేవారా?’ అంటున్నాను. జవాబులో వాళ్లు వాడిన సర్వనామాన్నే నేనూ వాడతాను; ‘తను’ అంటే ‘తను’ అనే అంటాను, అవతలివాళ్లు క్రియ మార్చే దాకా నేను మార్చను. ఇది ఎల్‌జీబీటీ మనుషుల కోసం పెట్టుకున్న నియమమే అయినా, వివాహేతర బంధాలు, చెప్పుకోలేని ఇతర ప్రేమలు ఉన్నవాళ్లు కూడా దీనివల్లే నోరు విప్పడం చూశాను.

మాత్రను ఎదురుగా ఉండి వేయించే బాధ్యతను ఎవరికైనా అప్పగించే ముందు, వాళ్లకు ఏం తెలియకూడదని రోగి కోరుకుంటున్నారో అడుగుతాను. నిద్రమాత్రల గురించి రోగి చెప్పిన అంకెను మొదటి అంకెగానే తీసుకుంటాను, చివరి అంకెగా కాదు. గ్రూపుకు పంపే ముందు, అక్కడ ఏ విషయం చెప్పలేకపోతే అక్కడ కూర్చోవడం కష్టమవుతుందో మాట్లాడుకుంటాం; అలాంటిది ఉంటే గ్రూపు కొన్నాళ్లు ఆగుతుంది. ఫైలులో ఏం రాయాలన్నది కూడా ఇప్పుడు ఇద్దరి నిర్ణయం. ఆమె ఫైలులో ‘ముఖ్యమైన బంధం కోల్పోయిన దుఃఖం’ అని మాత్రమే ఉంటుంది, ఎందుకంటే ఆ ఫైలును బిల్లు కట్టే చోట నలుగురు తిప్పుతారు.

దరఖాస్తులో వైవాహిక స్థితి గడి తీసేయాలని కోరి రెండేళ్లయింది. కంప్యూటర్‌లో అది నింపితే గానీ తర్వాతి పేజీ తెరుచుకోదట. అందుకని ఆ గడిని అన్నిటికన్నా చివర, రోగి వెళ్లిపోయాక, నేనే నింపుతున్నాను.